వాల్యుయేషన్ రిపోర్ట్ మీద డిజిటల్ సంతకం పెడితే మధ్యలో అంకెలు మార్చలేరా?

నిజాంపేట_ఇంజనీర్:
అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజనీర్ని, రెండు మూడు బ్యాంకులకు ప్యానెల్ వాల్యుయర్ని, అంటే లోన్ ఇచ్చేముందు ఆస్తికి విలువ కట్టి రిపోర్ట్ ఇస్తాను. మొన్న ఒక బ్రాంచ్ మేనేజరు ఫోన్ చేసి "సార్, ప్రగతినగర్ ఫ్లాట్‌కి 78 లక్షలు కొంచెం ఎక్కువ కాదూ?" అన్నాడు. నేనిచ్చింది 62. కాపీ వాట్సాప్‌లో పంపమన్నాను. సంతకం నాదే, గుండ్రటి ముద్ర నాదే, నేను తీసిన సైటు ఫొటోలే. ఆఖరి పేజీలో విలువ మాత్రం నాది కాదు. అంకెల్లోనే కాదు, అక్షరాల్లో కూడా ఓపిగ్గా మార్చారు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

చేత్తో సంతకం పెట్టి, స్కాన్ చేసి బ్రాంచ్‌కి మెయిల్ చేసిన పీడీఎఫ్ అది. ఎవరి చేతుల మీదుగా తిరిగిందో అక్కడ ఎవరూ చెప్పరు. ఆ మేనేజరుకి అనుమానం రాకపోయి, రేపు లోన్ మొండిబాకీ అయితే నోటీసు వచ్చేది నాకే కదా.

మా అబ్బాయి డీఎస్సీ టోకెన్ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) తీసుకోమంటాడు. మా అసిస్టెంటేమో ఫోన్ యాప్‌లో సంతకం బొమ్మ అతికిస్తే చాలంటాడు. రెండూ ఒకటేనా?

అమీర్‌పేట_డీఎస్సీ:
సార్, అస్సలు ఒకటి కాదు. బొమ్మ అతికించడం రబ్బరు స్టాంపు లాంటిది, దాన్ని కత్తిరించి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. టోకెన్‌తో సంతకం చేస్తే ఫైలు మొత్తానికి లెక్కగట్టిన ఒక హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య, మీ ప్రైవేట్ కీతో (మీ ఒక్కరికే ఉండే రహస్య సంకేతంతో) ముడిపడుతుంది. 62ని 78 చేస్తే హ్యాష్ కుదరదు, సంతకం చెల్లదని పీడీఎఫ్ రీడర్ చూపిస్తుంది. అంటే మార్చకుండా ఎవరూ ఆపలేరు, మార్చిన సంగతి మాత్రం బయటపడుతుంది. కీ టోకెన్ లోపలే ఉంటుంది, దాన్ని కాపీ చేసుకోవడం కుదరదు. ఈ సర్టిఫికెట్లలో క్లాస్ 2 రకాన్ని 2021 జనవరి నుంచి ఆపేశారు కాబట్టి ఇప్పుడు క్లాస్ 3యే ఇస్తారు.

ఫొటోలు, స్కెచ్, లెక్కల షీటు అన్నీ ఒకే పీడీఎఫ్ చేశాక చివర్న సంతకం పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫై చేసి, తర్వాత మార్పులేవీ ఒప్పుకోని ఆప్షన్ ఎంచుకోండి. సర్వర్ టైమ్‌స్టాంప్ కూడా పెట్టించండి, లేకపోతే అందులో పడేది మీ కంప్యూటర్ గడియారం చెప్పే టైమే.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్:
ఇంజనీరు గారూ, ఆ బాబు చెప్పింది నిజమే గానీ బ్రాంచ్‌లో జరిగేది వేరు. నేను ఏళ్ల తరబడి లోన్ ఫైళ్లు చూశాను. మెయిల్ రాగానే ప్రింట్ తీసి ఫైల్లో గుచ్చుతారు. కాగితం మీద పడ్డాక మీ డిజిటల్ సంతకం కూడా బొమ్మే. పచ్చ టిక్కు గుర్తు కలర్ ప్రింటర్ ఎవరికైనా వేసిపెడుతుంది. కొందరు ఆ టిక్కును పేజీలోనే గీసి పంపుతారు. అందుకే పేజీని కాదు, రీడర్‌లో సిగ్నేచర్ ప్యానెల్ తెరిచి చూడాలి.

మీరు చేయగలిగింది ఒకటుంది. రిపోర్టు దరఖాస్తుదారు చేతికో ఏజెంటు చేతికో ఇవ్వకుండా బ్రాంచ్ అధికారిక మెయిల్‌కే పంపండి. మెయిల్లోనే రిపోర్ట్ నంబరు, ఫ్లాట్ నంబరు, విలువ ఒక వాక్యంలో రాయండి. రేపు గొడవైతే ఆ మెయిలే మీకు పెద్ద దిక్కు.

నిజాంపేట_ఇంజనీర్:
మేడమ్, ఈ సలహా ఈరోజు నుంచే అమలు. ఇంకో సందేహం. వేరే వాల్యుయర్ డిజిటల్ సంతకం పెట్టిన రిపోర్ట్ తెరిస్తే నా కంప్యూటర్లో పసుపు రంగు ప్రశ్నార్థకం వచ్చింది. దొంగదనా? ఇంకా, నేను సైట్లలో తిరుగుతుంటే టోకెన్ అసిస్టెంటు దగ్గర ఉంచొచ్చా?

అమీర్‌పేట_డీఎస్సీ:
ప్రశ్నార్థకం అంటే దొంగదని కాదు సార్. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లను మీ రీడర్ ఇంకా నమ్మడం లేదు, అంతే. ఇలా సర్టిఫికెట్లిచ్చే సంస్థలన్నిటి మీదా ఉండే ప్రభుత్వ నియంత్రణాధికారి సీసీఏ. ఆ సీసీఏ ఇండియా రూట్ (మూల) సర్టిఫికెట్‌ను ఒకసారి నమ్మకమైన జాబితాలో చేర్చి మళ్లీ వెరిఫై చేయండి. అది సీసీఏ సైట్ నుంచే దించుకోండి, వాట్సాప్‌లో వచ్చింది వద్దు. ఎర్ర గుర్తు వస్తే మాత్రం ఆ రిపోర్ట్ పక్కన పెట్టేయండి.

టోకెన్ ఇవ్వొద్దు సార్, పిన్ అసలే చెప్పొద్దు. ఆ రెండూ ఉంటే అతను పెట్టినా చట్టం దృష్టిలో ముందు మీరు పెట్టినట్టే, కాదని నిరూపించుకునే తిప్పలు మీవి. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి గానీ, అది తర్వాతి సంగతి.

నిజాంపేట_ఇంజనీర్:
సరే బాబూ, టోకెన్ జేబులోనే. రేపు మా అసిస్టెంటుకి పాన్ కార్డిచ్చి మీ షాపుకి పంపిస్తాను.

అమీర్‌పేట_డీఎస్సీ:
అయ్యో సార్, అతనొస్తే కుదరదు. వీడియో వెరిఫికేషన్‌లో కెమెరా ముందు మీరే కూర్చోవాలి.