పచ్చి ఆహారానికి మారాక పొద్దున 11కే నీరసం, ఏం చేర్చాలి?

గత నెల నుంచి పొయ్యి మీద వండినవి మానేసి అన్నీ పచ్చివే తింటున్నాను. వయసు 34, ఆడమనిషిని, బరువు 61 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం. పొద్దున బొప్పాయి, రెండు అరటిపళ్లు. మధ్యాహ్నం గుప్పెడు మొలకెత్తిన పెసలు, కీర, క్యారెట్, టమాటా, పైన నిమ్మరసం. రాత్రి మళ్లీ పళ్లే, కాస్త పచ్చి కొబ్బరి.

11 దాటేసరికి ఒళ్లు తూలుతోంది. సాయంత్రం 4కి మరీ ఘోరం, రెండో అంతస్తుకి మెట్లెక్కితే కాళ్లు లాగేస్తున్నాయి. జ్వరం, తలనొప్పి లేవు. నిద్ర 7 గంటలు బాగానే పడుతోంది.

కాఫీ మానడం వల్లేమో అని మళ్లీ మొదలుపెట్టాను, తేడా లేదు. ఉప్పేసిన నిమ్మరసం, కొబ్బరినీళ్లు తాగితే అరగంట బాగుంటుంది, అంతే. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.8, షుగర్, థైరాయిడ్ మామూలే. బి12 మాత్ర డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నాను. "ఒంట్లో విషాలు పోతున్నాయి, ఓర్చుకో" అంటున్నారు కొందరు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

లెక్కేస్తే రోజుకి 1,100 క్యాలరీలు దాటడం లేదు. 100 గ్రాముల కీరలో ఉండేది 15 క్యాలరీలే కదా, కడుపు నిండుతుంది గానీ శక్తి రాదు. నానబెట్టిన వేరుశనగలు పెంచి చూశాను, గుప్పెడు దాటితే కడుపుబ్బరం. ఖర్జూరాలు తింటే గంటలో మళ్లీ మగతగా ఉంటోంది.

ఇలాగే మారి నీరసం తగ్గించుకున్నవాళ్లు, మధ్యాహ్నం తిండిలో వేరుశనగ కాకుండా ఏ పచ్చి పదార్థం ఎంత చేర్చుకుని కుదుటపడ్డారో చెబుతారా?