పేదరిక నిర్మూలన కోసం పనిచేసే సంస్థలో చేరేముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. కర్నూలులో ఒక ప్రైవేటు బ్యాంకు గ్రామీణ రుణాల విభాగంలో 9 ఏళ్లుగా పనిచేస్తున్న నాకు, అనంతపురం జిల్లాలో మెట్ట రైతులతోనూ మహిళా పొదుపు సంఘాలతోనూ పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి క్షేత్ర సమన్వయకర్తగా రమ్మని పిలుపు వచ్చింది. పని చూడటానికి వెళ్లిన రోజు, ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి నలిగిన పది రూపాయల నోట్లను సంఘం పుస్తకం మీద ఒక్కొక్కటిగా పరిచి లెక్కపెట్టడం చూశాక, నా మనసు సగం అక్కడే ఉండిపోయింది.

జీతం సగానికి తగ్గుతుంది. దానికి ఇంట్లో అందరం సిద్ధపడ్డాం. నా సందేహమల్లా నియామక పత్రంలోని "నిధుల లభ్యతకు లోబడి" అన్న మాట గురించే. సంస్థ ప్రధానంగా విదేశీ విరాళాల మీద నడుస్తోంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ విరాళాలలో పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు కనుక, నా జీతం ఏ పద్దు కింద చూపుతారో, ఆ చట్టం కింద ఐదేళ్లకొకసారి జరగవలసిన సంస్థ నమోదు పునరుద్ధరణ ఆగిపోతే సిబ్బంది పరిస్థితి ఏమిటో ముందుగా అడగవచ్చా? పత్రంలో భవిష్య నిధి ఊసే లేదు (సిబ్బంది నలభై మందికి పైనే ఉన్నారట). ఇలాంటి సంస్థల్లో పనిచేసినవారు, సేవాభావం లేదని వాళ్లు అనుకోకుండా ఈ విషయాలు ఎలా కదిపారో దయచేసి చెప్పగలరు.