ఈస్టర్‌కి ఇంట్లో చాక్లెట్ గుడ్లు: తక్కువ ఖర్చులో అవుతుందా?

చిన్నిగిన్నె:
ఈసారి ఈస్టర్‌కి పిల్లల స్నేహితులకీ ఆఫీసులో వాళ్లకీ కలిపి ఇరవై చాక్లెట్ గుడ్లు ఇంట్లోనే చేసి ఇద్దామనుకుంటున్నాను. అన్నీ కొనాలంటే తడిసి మోపెడవుతుంది. సిలికాన్ అచ్చు మంచిదా, గట్టి ప్లాస్టిక్‌దా? ఎన్ని రోజుల ముందు చేసుకోవచ్చు? పగలకుండా ప్యాకింగ్ ఎలా? చేసినవాళ్లు చెప్పండి.

మంచుబొట్టు:
అచ్చు సంగతి తర్వాత, ముందు తడితో జాగ్రత్త. పోయినేడాది వేడినీళ్ల గిన్నె మీద చాక్లెట్ కరిగిస్తుంటే గరిటెకున్న రెండు చుక్కల నీళ్లు పడ్డాయి. అప్పటిదాకా మెరుస్తూ జారుతున్నదంతా చూస్తుండగానే తడి ఇసుకలా ముద్ద కట్టింది. పండగ ముందు రోజు రాత్రి పదకొండింటికి! ఏడుపొచ్చింది. అప్పట్నుంచి మైక్రోవేవే వాడుతున్నాను. సగం పవర్‌లో 30 సెకన్లు, తీసి కలపడం, మళ్లీ 20 సెకన్లు.

రెండుగరిటెలు:
ఇంత టెన్షన్ ఎందుకండీ? కాంపౌండ్ చాక్లెట్ కొనండి. కరిగించి, అచ్చులో పోసి, కాసేపు ఫ్రిజ్‌లో పెడితే అయిపోయింది. ఒక్క పూటలో ముప్పై చేశాను. ఒక్కటి కూడా అచ్చుకి అతుక్కోలేదు.

కొలతలమనిషి:
కాంపౌండ్ అసలు చాక్లెట్టే కాదు. కోకో బటర్ బదులు వేరే మొక్కల కొవ్వు వేస్తారు. అందుకే అంగిట్లో మైనంలా అతుక్కుంటుంది. నేను పదకొండేళ్లు చాక్లెట్ తయారీలో పనిచేశాను. ముక్క విరిచిన శబ్దం వింటే చాలు, టెంపరింగ్ (చాక్లెట్ మెరుస్తూ గట్టిపడేలా లెక్క ప్రకారం వేడి చేసి చల్లార్చడం) కుదిరిందో లేదో చెప్పేస్తాను. డార్క్ అయితే 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27 లేదా 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. మిల్క్ అయితే చివర్లో 29, 30 దాటనివ్వకండి. కోకో బటర్ ఆరు రకాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఐదో రకానికే ఆ మెరుపు, ఆ టప్పుమనే విరుపు.

రెండుగరిటెలు:
ఆవిడ అడిగింది తక్కువ ఖర్చులో చేయడం గురించి. ఇప్పుడు థర్మామీటర్ కూడా కొనమంటారా? నేను చేసిన ముప్పైలో ఒక్కటీ మిగల్లేదు. ఆరు రకాలేంటో పిల్లలెవరూ అడగలేదు.

కొలతలమనిషి:
తినేవాళ్లు అడగరనే కదా అలాంటివి అమ్ముతున్నారు! మీ ప్యాకెట్ వెనక కోకో బటర్ అని ఉందేమో చదివి చెప్పండి.

రెండుగరిటెలు:
లేదు. ఉండదని తెలిసే కొన్నాను. చేతిలో ఉన్నదాంతోనే ఇష్టంగా చేసి ఇచ్చేవాళ్లని తక్కువ చేసి మాట్లాడకండి. బాధేస్తుంది.

వేడిగిన్నె:
థర్మామీటర్ లేకుండానే నాలుగేళ్లుగా అసలు చాక్లెట్‌తో చేస్తున్నాను. మూడొంతులు కరిగించి, మిగిలిన నాలుగో వంతు సన్నగా తరిగి కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. కింది పెదవికి తాకిస్తే కాస్త చల్లగా తగలాలి. కత్తి కొనకి పూసి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. గట్టిపడకపోతే అచ్చులో పోయకండి, ఇంకాసేపు కలపండి.

కోడిపెట్ట:
అచ్చులే అక్కర్లేదు. నిజం గుడ్డుకి చిల్లు పెట్టి, లోపలిది కూరకి వాడేసి, గుల్లలో చాక్లెట్ పోయండి. పెంకు వలిస్తే లోపల చాక్లెట్ గుడ్డు! పిల్లల మొహాలు చూడాలి.

మంచుబొట్టు:
పచ్చిగుడ్డు గుల్లలోనా? కడుపు పాడుచేసే సాల్మొనెల్లా క్రిముల సంగతేంటండీ?

కోడిపెట్ట:
కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, ఒక రోజంతా ఆరబెట్టాకే పోస్తాను. ఆ మాత్రం తెలియకుండా పిల్లలకి పెడతానా?

వేడిగిన్నె:
శుభ్రం సరే, గుల్ల నిండా పోస్తే ఒక్కో గుడ్డుకి 50 గ్రాముల పైనే పడుతుంది. ఖర్చు తగ్గాలంటే లోపల బోలుగా ఉండాల్సిందే.

పాతపుటలు:
బోలు గుడ్డంటే గుర్తొచ్చింది. బ్రిటన్‌లో మొదటి చాక్లెట్ గుడ్డు 1873లో బ్రిస్టల్‌లోని ఫ్రై కంపెనీది. క్యాడ్‌బరీ 1875లో మొదలుపెట్టింది. అవి డార్క్ చాక్లెట్‌వి, లోపల చక్కెర పూత మిఠాయిలు నింపేవారు.

చిన్నిగిన్నె:
అందరికీ థ్యాంక్స్, కానీ ప్యాకింగ్ గురించి ఎవ్వరూ చెప్పలేదు. ఒక బాబుకి వేరుశనగ పడదు, దానికేం చేయాలి?

రెండుగరిటెలు:
చాక్లెట్ ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరిక చదవండి. గింజలు కలిసే అవకాశం ఉందని రాసుంటే ఆ బాబుకి వేరే బహుమతి ఇవ్వండి. ప్యాకింగ్‌కి నేను కాగితం కప్పులో సన్నగా కత్తిరించిన కాగితం పరిచి, గుడ్డు నిలబెట్టి, పైన పారదర్శక కవర్ కట్టాను. ఒక్కటీ పగల్లేదు.

కొలతలమనిషి:
ప్యాకింగ్ బాగుంది. అచ్చు గట్టి ప్లాస్టిక్‌దే తీసుకోండి, సిలికాన్‌తో అంత మెరుపు రాదు. అచ్చు లోపల దూదితో రుద్ది, చాక్లెట్ రెండు పూతలు వేయండి. గుడ్డు రెండు సగాలు అతికించేటప్పుడు గోరువెచ్చని పళ్లెం మీద అంచుల్ని రెండు సెకన్లు తాకించి నొక్కేయండి. వేలిముద్రలు పడకుండా గ్లవ్స్ వేసుకోండి. లోపల ఏమీ నింపకపోతే రెండు వారాల ముందు చేసినా ఏం కాదు.

చిన్నిగిన్నె:
నిన్న రాత్రి వేడిగిన్నె గారు చెప్పినట్టు డార్క్‌తో రెండు చేశాను. అచ్చు తిరగేసి తడితే మొదటిది టక్కున ఊడింది, అద్దంలా ఉంది! రెండోదాని మీద పొద్దున్నకి తెల్లటి చారలొచ్చాయి. రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచాను. తినొచ్చా?

వేడిగిన్నె:
తినొచ్చు. ఫ్రిజ్ తడికి పైకొచ్చిన చక్కెర అయ్యుంటుంది. గట్టిపడటానికి పదిహేను నిమిషాలుంచి బయటికి తీసేయండి.

పాతపుటలు:
ఇంట్లో కుక్క ఉంటే అందనంత ఎత్తులో పెట్టండి. చాక్లెట్ వాటికి విషం, డార్క్ అయితే మరీను.