ఫోన్‌లో చూసి ఆత్మరక్షణ నేర్చుకోవచ్చా?

ప్రశ్న:
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. అమ్మాయి ఇంటర్, రోజూ బస్సులో భీమవరం వెళ్లొస్తుంది. ఊళ్లో కరాటే నేర్పేవాళ్లు లేరు. ఆన్‌లైన్ క్లాసు పనికొస్తుందా? దెబ్బ తగిలి అవతలివాడు కేసు పెడితే ఎలా?

జవాబు 1:
పనికొస్తుందండి, సగం వరకు. నిలబడే తీరు, దెబ్బ, తన్ను, గొంతెత్తి అరవడం ఫోన్‌లో చూసి వచ్చేస్తాయి. పట్టు విడిపించుకోవడం మాత్రం ఎదురుగా మనిషి లేకుండా రాదు. వాళ్లమ్మగారో మీరో నిజంగా బిగించి పట్టుకోవాలి. మొదట మెల్లగా, పోనుపోను గట్టిగా.

ఫోను నడుమెత్తులో, 8–10 అడుగుల దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. పాదాలు కనపడి తీరాలి. తన్నేటప్పుడు నేలమీదున్న కాలి మడమ తిరగకపోతే మోకాలు మెలిపడుతుంది, అది మాస్టారి కంటపడాలి కదా. లైవ్‌లో తప్పులు దిద్దని క్లాసుకి డబ్బు కట్టకండి.

జవాబు 2:
మణికట్టు పట్టుకోగానే అందరూ చెయ్యి వెనక్కి గుంజుతారు. దాంతో పట్టు ఇంకా బిగుస్తుంది. అవతలివాడి బొటనవేలు, మిగతా వేళ్ల కొసలు కలిసే సందే బలహీనం. ఒక అడుగు ముందుకేసి, మోకాళ్లు కాస్త వంచి, మణికట్టు సన్నటి అంచుని ఆ సందుకి తిప్పాలి. తర్వాత మీ మోచేతిని అతని మోచేతి వైపు తోస్తూ, పిడికిలి మీ భుజం వైపు లేపాలి. ఊడగానే పరుగే. రోజూ రెండు చేతులకీ 20 సార్లు చేయించండి.

కొత్తవాళ్లకి పిడికిలి గుద్దు వద్దు. దవడ ఎముకకి తగిలితే మన చిటికెనవేలి వెనకెముకే విరగొచ్చు. అరచేతి అడుగుభాగంతో గడ్డం కిందో ముక్కుమీదో కొట్టడం మేలు.

జవాబు 3:
నాచు పట్టిన డాబా మీదా, సాక్సులతో టైల్స్ మీదా వద్దండి. ఎండుగడ్డి మందంగా పరిచి పైన పట్టా వేస్తే పడటం నేర్చుకోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనించి, ముంజెయ్యి మొత్తం నేలకి చరచాలి. అరచెయ్యి ఊని ఆపుకుంటే మణికట్టు పోతుంది.

కర్రసాము మీద మనసుంటే వీడియోలతో మొదలెట్టకండి. దసరాకి అమలాపురంలో కర్రలు, కత్తులతో సాము చేసే చెడీ తాలింఖానాకి తీసుకెళ్లి, అక్కడి గురువుల్నే అడగండి.

జవాబు 4:
కేసు సంగతి: భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అయితే 37 ప్రకారం అవసరానికి మించి గాయపరిచే హక్కు లేదు. విడిపించుకోవడానికి కొట్టిన దెబ్బ వేరు, కిందపడి లేవలేనివాణ్ణి మళ్లీ తన్నడం వేరు. తప్పించుకోగానే జనం ఉన్నచోటికి చేరి 112కి ఫోన్ చెయ్యమనండి.