అపార్ట్‌మెంట్ కమిటీ ఎన్నికలకు ఐర్లండ్ కౌంటీ కౌన్సిల్ పద్ధతి: కోటా, మిగులు ఓట్ల లెక్క ఎలా?

సర్జాపుర రోడ్ 5బి
బెంగళూరులో 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఫ్లాటుకు ఒక ఓటు. కమిటీకి 5 గురు కావాలి. ఇప్పటిదాకా ఒక్కొక్కరు ఐదు పేర్లకు టిక్ పెట్టడమే. 114 మంది ఓటేస్తే, అందులో 60 మంది ఒక ప్యానెల్ వైపు ఉంటే ఐదు సీట్లూ ఆ ప్యానెల్‌కే పోతున్నాయి, మిగతా 54 మందికి ఒక్కటీ దక్కడం లేదు. ఐర్లండ్ కౌంటీ కౌన్సిళ్ళలో 1, 2, 3 అని ప్రాధాన్యం రాసే దామాషా పద్ధతి పెడదామని ఒకరు ప్రతిపాదించారు. కోటా ఎలా కట్టాలి? మిగులు ఓట్లంటే ఏ కాగితాలు తీసి ఇవ్వాలి? కంప్యూటర్ లేకుండా చేత్తో అవుతుందా?

లెక్కల అరుగు
చేత్తో అవుతుంది. అక్కడ ఇప్పటికీ చేత్తోనే లెక్కపెడుతున్నారు. 2002లో కొన్నిచోట్ల ఓటింగ్ యంత్రాలు పెట్టి చూశారు, నమ్మకం కుదరక 2009లో మొత్తం వదిలేశారు. మన ఈవీఎంల గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి, దానికి వేరే థ్రెడ్లున్నాయి.

ఐర్లండ్‌లో 31 స్థానిక సంస్థలు, 949 సీట్లు. 2024 జూన్ 7న చివరిసారి ఎన్నికలు జరిగాయి. కౌంటీ మొత్తానికి ఒకే లెక్క ఉండదు. కౌంటీని ఏరియాలుగా విడగొట్టి, ఎక్కువచోట్ల ఏరియాకు 5 నుంచి 7 సీట్లు పెట్టి, దేని కౌంటింగ్ దానికే చేస్తారు. మీ 5 సీట్లు సరిగ్గా ఆ కొలతే. సీట్లు మూడుకు తగ్గితే చిన్న వర్గానికి చోటు దొరకడం కష్టమవుతుంది.

కోటా: చెల్లిన ఓట్లను సీట్లకు ఒకటి కలిపిన సంఖ్యతో భాగించి, వచ్చినదానిలో భిన్నం వదిలేసి, ఒకటి కలపాలి. 114ను 6తో భాగిస్తే 19, ఒకటి కలిపితే 20. ఆ ఒకటి ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కోటా 19 అయితే ఆరుగురికి తలా 19 వచ్చి ఐదు సీట్లకు ఆరుగురు గెలిచే అవకాశం ఉంది. 20 అయితే ఆరుగురికి 120 కావాలి, ఓట్లున్నవి 114. ఓట్లను నేరుగా సీట్లతో భాగించడం (114 బై 5) అందరూ చేసే తప్పు, అది కోటాను అనవసరంగా పెంచుతుంది.

మీ 60–54 చీలికలో 60కి మూడు కోటాలు, 54కి రెండు. అంటే 3–2. ఎవరి ప్యానెల్ వారు తమవాళ్ళకే వరసగా అంకెలు వేసుకున్నా ఇదే వస్తుంది.

మిగులు: ఒకాయనకు మొదటి ప్రాధాన్యంలో 32 వచ్చాయనుకోండి. 12 మిగులు. ఆయన 32 కాగితాలనూ రెండో ప్రాధాన్యం ప్రకారం విడదీయాలి. ‘బి’కి 16, ‘సి’కి 8, ‘డి’కి 4, రెండో అంకె లేనివి 4. ఈ నాలుగూ ఆయన కట్టలోనే ఉండిపోతాయి. 12 ఓట్లను 28 కాగితాల నిష్పత్తిలో పంచితే 6.86, 3.43, 1.71. పూర్ణసంఖ్యలు 6, 3, 1. మిగిలిన రెండు ఓట్లు పెద్ద భిన్నాలున్న ‘బి’, ‘డి’లకు. చివరికి 7, 3, 2. ‘బి’ కట్టలో పైనున్న 7 కాగితాలు తీసి ఇచ్చేస్తారు.

మిగులు పంచాక ఎవరికీ కోటా రాకపోతే అట్టడుగున ఉన్నవారిని ఎలిమినేట్ చేసి, వారి కాగితాలు తర్వాతి ప్రాధాన్యానికి. మిగిలిన అభ్యర్థులూ ఖాళీ సీట్లూ సమానమైతే కోటా రాకపోయినా గెలిచినట్టే.

కౌంటింగ్ టేబుల్ 7
పైది ఐర్లండ్‌కు సరైన లెక్కే, కానీ 114 ఓట్లకు ఆ మిగులు పద్ధతి వాడకండి. 16 కాగితాల్లో ఏ 7? వాటి మీద మూడో ప్రాధాన్యం ఎవరికుందో, మిగిలిన 9 మీద ఎవరికుందో వేరుగా ఉండొచ్చు. వేల ఓట్లున్నచోట ముందే అన్నీ బాగా కలిపేస్తారు కాబట్టి తేడా చాలావరకు సర్దుకుంటుంది. మీ దగ్గర ఒక్క కాగితం పైనుందా కిందుందా అన్నదాని మీద ఐదో సీటు మారిపోతుంది. ఓడినవారు రీకౌంటింగ్ అడిగి, ఎవరో కట్ట కలిపేస్తే ఫలితమే వేరుగా రావచ్చు.

మన రాజ్యసభ ఎన్నికల లెక్క వాడండి. ఒక్కో ఓటు విలువ 100. మొత్తం 11,400, ఆరుతో భాగించి ఒకటి కలిపితే కోటా 1,901. 32 ఓట్ల ఆయనకు 3,200, మిగులు 1,299. బదిలీ అయ్యే 28 కాగితాలనూ తీసుకుని 1,299ని 28తో భాగిస్తే 46, భిన్నం వదిలేయాలి. ‘బి’కి 736, ‘సి’కి 368, ‘డి’కి 184. మొత్తం 1,288. భిన్నాల్లో పోయిన 11 ‘నష్టం’ గడిలో రాయాలి. ఏ కాగితం అన్న ప్రశ్నే లేదు, 28 కాగితాలూ తక్కువ విలువతో వెళ్తాయి.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆ కాగితాల మీద ఇక విలువ 46 మాత్రమే. తర్వాత ‘డి’ ఎలిమినేట్ అయితే, ఆయన సొంత ఓట్లు 100 చొప్పున, వచ్చిన ఆ నాలుగూ 46 చొప్పున వెళ్ళాలి. కలిపి కట్ట కట్టేస్తే 46ది 100గా లెక్కలో పడుతుంది. ఒక్కో విలువకు ఒక్కో రబ్బరు బ్యాండు, పైన చీటీ. ప్రతి రౌండు చివర అభ్యర్థులందరివీ, బదిలీ కానివీ, నష్టం కలిపితే 11,400 రావాలి. రాకపోతే తర్వాతి రౌండుకు వెళ్ళకండి, తప్పు ఆ రౌండులోనే ఉంటుంది.

‘బి’కి సొంతంగా 15 ఉంటే 1,500కి 736 కలిసి 2,236, మిగులు 335. ఇప్పుడు చూడాల్సింది చివరగా వచ్చిన ఆ 16 కాగితాలే, సొంత 15 కాదు. ఐర్లండ్‌లోనూ చివరి కట్టనే చూస్తారు. 2007 నుంచి స్కాట్లండ్ కౌన్సిళ్ళలో మాత్రం మొత్తం కాగితాలూ తీసి ఐదు దశాంశాల దాకా పంచుతారు. అక్కడ స్కానింగూ కంప్యూటరూ ఉన్నాయి కాబట్టి చెల్లింది. చేత్తో ఆ సాహసం వద్దు.

సర్జాపుర రోడ్ 5బి
ఇద్దరికీ థాంక్సండి. 100 విలువ పద్ధతే తీసుకుంటాం. ఇంకో సందేహం: ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ పదవులకు విడివిడిగా ఇదే బ్యాలెట్ పెడితే?

బైలా భాగ్యం
పెడితే ఇంత శ్రమా వృథా. ఒక్కో పదవికి ఒక్క సీటు, కోటా సగం మీద ఒకటి. 114లో 58. ఆ 60 మందే మళ్ళీ అన్నీ పట్టుకుపోతారు. బెంగళూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక చూడండి, 1, 2, 3 అంకెలు వేస్తాం, కానీ సీటు ఒక్కటే కాబట్టి అక్కడ దామాషా ఏమీ ఉండదు. బ్లాకుకు ఒకరు అని పెట్టినా అంతే. ఐదుగురినీ ఒకే బ్యాలెట్‌లో ఎన్నుకుని, పదవులు వాళ్ళలో వాళ్ళు పంచుకోవాలి.

అన్నిటికంటే ముందు మీ బైలాలు తీయండి. ఎన్నిక పద్ధతి అందులో రాసి ఉంటే ముందు సర్వసభ్య సమావేశంలో సవరణ, తర్వాతే ఎన్నిక. సహకార సంఘంగా రిజిస్టర్ అయి ఉంటే ఎన్నికల పద్ధతి మీ ఇష్టం కాదు, ఆ చట్టం ప్రకారమే నడవాలి. ఇద్దరి పేర్ల మీద ఉన్న ఫ్లాటుకు ఎవరు ఓటేస్తారన్నది కూడా నోటీసులోనే తేల్చేయండి.

చెల్లని ఓట్లు ఎక్కువగా వచ్చేది అలవాటు వల్ల. ఐదు సీట్లు కదా అని ఐదుగురి పక్కనా 1 వేస్తారు. టిక్ పెడతారు. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తారు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇవన్నీ చెల్లవు. బూత్‌లో ఇచ్చిన ఊదారంగు పెన్నుతో అంకెలే వేయాలి. (కన్నడ అంకెలు, మన ౧, ౨, ౩ కూడా చెల్లుతాయి, వేసేవాళ్ళు అరుదు.) 1, 2 వేసి 3 వదిలి 4 వేస్తే ఓటు చెల్లుతుంది, కానీ 2 దగ్గర ఆగిపోతుంది. నమూనా బ్యాలెట్ ఒకటి లిఫ్ట్ పక్కన అంటించండి, వాట్సాప్‌లో పెడితే ఎవరూ తెరవరు.

అట్టడుగున ఇద్దరు సమానమైతే మొదటి ప్రాధాన్యం తక్కువున్నవారు పోవాలి, అదీ సమానమైతే చీటీ. ఇది నోటీసులో రాసి ఉంచకపోతే ఆ పూట అరుపులే.

ఇంకొకటి, ఫ్లాటు అమ్ముకుని కమిటీ మెంబరు మధ్యలో వెళ్ళిపోతే? ఉప ఎన్నిక పెడితే ఒకే సీటు, మళ్ళీ 60దే గెలుపు. ఐర్లండ్ కౌన్సిళ్ళలో ఉప ఎన్నిక లేదు, ఖాళీ చేసినవారి పార్టీ మనిషినే కౌన్సిల్ చేర్చుకుంటుంది. మీకు పార్టీలు లేవు కనుక ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దారి మేలు. వెళ్ళిపోయినవారిని గెలిపించిన కాగితాలనే మళ్ళీ తీసి, వాటి మీద తర్వాతి ప్రాధాన్యం ఎవరికో లెక్కిస్తారు. అందుకే బ్యాలెట్లు చించెయ్యకుండా, విలువల చీటీలతో సహా, ఏ అభ్యర్థి కట్ట ఆ కవర్‌లో సీలు వేసి కమిటీ గడువు తీరేదాకా దాచండి.

సర్జాపుర రోడ్ 5బి
పోయినసారి బ్యాలెట్లు ఆ రాత్రే పాత పేపర్లలో వేసేశారు. ఈసారి కవర్ల సంగతి నోటీసులోనే పెడతాను.