ఒకే పెట్టెలో మూడు నెట్‌వర్కులు, ఎన్ఎఫ్ఎస్ లాకులు ఊడిపోతున్నాయి. ఎందుకు?

రాయికొలత, చీమకుర్తి
అన్నలూ, అక్కలూ, రెండు రోజులుగా నిద్ర లేదు, కొంచెం చూడండి. గ్రానైట్ యార్డులో కంప్యూటర్ల పని నాది. స్లాబుల కొలతలు ఎక్కించే ప్రోగ్రాం ఒకటుంది, మూడు యూనిట్లకీ మూడు నడుస్తాయి. పెట్టె మాత్రం ఒకటే, డెబియన్ 12. ఒక యూనిట్ నెట్‌వర్కు ఇంకోదానికి కనపడకూడదని ఓనరు పట్టుబట్టాడు. అందుకని ఐపీ నెట్‌ఎన్ఎస్ కమాండుతో మూడు నేమ్‌స్పేసులు, అంటే ఒకే పెట్టెలో మూడు విడి నెట్‌వర్కు గదులు చేసి, తలా ఒక వీల్యాన్ (విడి నెట్‌వర్కు ముక్క), తలా ఒక ఐపీ ఇచ్చా. ఒక్కోదాంట్లోంచి స్టోరేజీ సర్వర్‌ని ఎన్ఎఫ్ఎస్ 4.2తో (సర్వర్లోని ఫైళ్లని నెట్‌వర్కు మీద వాడుకునే పద్ధతి) మౌంట్ చేస్తా, అంటే సర్వర్ ఫోల్డర్ని ఇక్కడిదే అన్నట్టు తగిలిస్తా. సర్వర్ కూడా మామూలు లైనక్సే.

ఒక యూనిటే నడిపితే ఏ ఇబ్బందీ లేదు. రెండోది లేపగానే మొదటిది ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని పడిపోద్ది. డీమెసేజ్‌లో, అంటే కర్నెల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకునే చిట్టాలో చూస్తే "లాక్ రిక్లెయిమ్ ఫెయిల్డ్" అని వరసగా ఉండాయి. బండిల్ నంబర్లు మూడు యూనిట్లూ ఒకే ఫైలుకి లాక్ వేసి (ఒకరు వాడేటప్పుడు ఇంకోళ్లు ముట్టకుండా) తీసుకుంటాయి. నిన్న సాయంత్రం లారీ గేటు దగ్గర నిలబడి ఉండగా రెండు బండిళ్లకి ఒకే నంబరు స్టిక్కర్ వచ్చింది. నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

కొత్తపట్నం గాలి, ఒంగోలు
వెర్షన్ 3 పెట్టేయ్ తమ్ముడూ, గోల వదిలిపోద్ది. మా దగ్గర ఏళ్ల నుంచి అదే.

మొలగొలుకులు, నెల్లూరు
వద్దు అబ్బాయ్. 3లో లాకింగ్‌కి వేరే ప్రోటోకాల్, దానికి స్టాట్‌డీ అని వేరే డెమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం). మూడు నేమ్‌స్పేసుల్లోనూ దాన్ని విడివిడిగా నడుపుకోవాలి. తలనొప్పి చోటు మారుద్దే గానీ పోదు.

ముందు ఒకటి చెప్పు. మూడు నేమ్‌స్పేసుల్లోకీ దూరి హోస్ట్‌నేమ్ అని కొడితే ఏమొస్తాంది?

రాయికొలత
మూడిట్లోనూ "యార్డు" అనే వస్తోందన్నా. ఐపీలు మాత్రం వేరు.

మొలగొలుకులు
అనుకున్నా. ఐపీలు వేరైనా లాభం లేదు, సర్వర్ నిన్ను ఐపీతో గుర్తుపట్టదు.

ఎన్ఎఫ్ఎస్ 4లో క్లయింటు (సర్వర్‌ని వాడుకునే వైపు) మొదట సర్వర్‌కి రెండు ముక్కలు చెప్తాది. ఒకటి తన పేరు. రెండోది వెరిఫయర్, అంటే "నేను ఫలానా సారి లేచినవాణ్ని" అనే గుర్తు. లైనక్స్‌లో ఆ పేరు "లైనక్స్ ఎన్ఎఫ్ఎస్‌వీ4.2" అన్న ముక్కకి హోస్ట్‌నేమ్ తగిలించినది, అంతే. ఐపీ నెట్‌ఎన్ఎస్ నెట్‌వర్కునే విడదీస్తాది, హోస్ట్‌నేమ్‌ని కాదు. అందుకే నీ మూడు క్లయింట్ల పేరూ ఒకటే అయింది. వెరిఫయర్ మాత్రం నేమ్‌స్పేసు పుట్టిన సమయాన్ని బట్టి పడతాది కాబట్టి మూడూ వేరు.

ఇప్పుడు నీ యార్డు మేస్త్రీని తలుచుకో. 212 నంబరు రాయి లెక్కలో ఉంది. ఇంకో లారీ వచ్చి, ఇంకో రాయి మీద 212 అనే రాసుంటే ఏం చేస్తాడు? పాతది కోతకి పోయింది కాబోలు అనుకుని దాన్ని కొట్టేసి కొత్తది రాసుకుంటాడు. సర్వర్ చేసేదీ అదే. పేరు పాతది, వెరిఫయర్ కొత్తది అంటే ఆ మెషీన్ రీబూట్ అయిందని దాని లెక్క. పాత ఓపెన్లు, లాకులు అన్నీ తుడిచేస్తాది. తర్వాత నీ మొదటి యూనిట్ తన సెషన్ చెల్లలేదని మళ్లీ పరిచయం చేసుకుంటాది, అప్పుడు రెండోదాని లాకులు పోతాయి. ఇట్టా ఒకదాన్నొకటి తోసుకుంటా ఉంటాయి. పోయిన లాకుని కర్నెల్ మామూలుగా తిరిగి తీసుకోదు. ఆ మధ్యలో ఫైలుని ఇంకోళ్లు మార్చారేమోనని దాని భయం, అది న్యాయమే. అందుకే ఆ ఫైలు మీద ఎర్రర్ ఇస్తాది.

నీ బండిళ్లకి ఏం జరిగిందో నీ క్లయింట్లకీ అదే జరిగింది.

కొత్తపట్నం గాలి
సరే, 3 మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి మెషీన్ ఐడీని పేరుగా ఇవ్వమంటే?

మొలగొలుకులు
పెట్టె ఒకటే కదన్నా, మెషీన్ ఐడీ కూడా మూడిటికీ ఒకటే. ఎన్ఎఫ్ఎస్4_యూనిక్_ఐడీ అనే మాడ్యూల్ పారామీటరుతోనూ ఇక్కడ పని జరగదు, అది కర్నెల్ మొత్తానికీ ఒకటే విలువ. మనకి కావాల్సింది నేమ్‌స్పేసుకి ఒకటి. అది ఇక్కడుంది:

/సిస్/ఎఫ్ఎస్/ఎన్ఎఫ్ఎస్/నెట్/ఎన్ఎఫ్ఎస్_క్లయింట్/ఐడెంటిఫైయర్

(దారి తెలుగులో రాశా, టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టు, మళ్లీ రాలేదని నన్ననొద్దు.) 2019లో వచ్చిన 5.3 కర్నెల్ నుంచి ఈ ఫైలు ఉంది. డెబియన్ 12లో 6.1 కాబట్టి నీకు ఢోకా లేదు. ఐపీ నెట్‌ఎన్ఎస్ ఎగ్జెక్‌తో లోపలికి పోతే సిస్‌ని అదే మళ్లీ మౌంట్ చేస్తాది, అందుకని ఏ నేమ్‌స్పేసులో ఉంటే దాని ఫైలే కనపడతాది.

యూయూఐడీజెన్‌తో (ఇంకెక్కడా రాని నంబరు, అంటే యూయూఐడీ, పుట్టించే కమాండు) మూడు నంబర్లు ఒక్కసారి పుట్టించి /ఈటీసీ/నెట్‌ఎన్ఎస్ కింద ఒక్కో నేమ్‌స్పేసు పేరుతో ఉండే ఫోల్డర్లో దాచుకో. స్టార్టప్ స్క్రిప్టులో ముందు ఆ నంబరు ఐడెంటిఫైయర్‌లో రాయి, తర్వాత మౌంట్, తర్వాత ప్రోగ్రాం. మూడూ ఒకే స్క్రిప్టులో ఉండాలి, ఎందుకంటే ఎగ్జెక్ కొట్టిన ప్రతిసారీ మౌంట్ల లోకం కొత్తది. ఒక ఎగ్జెక్‌లో చేసిన మౌంట్ ఇంకోదాంట్లో కనపడదు.

లేచినప్పుడల్లా కొత్త నంబరు మాత్రం పుట్టించొద్దు. పెట్టె రీబూట్ అయి అదే పేరుతో వస్తే సర్వర్ పాత లాకుల్ని అప్పటికప్పుడు తుడుస్తాది. కొత్త పేరుతో పోతే ఎవరో కొత్తవాళ్లనుకుంటాది, పాత లాకులు లీజు (సర్వర్ ఇచ్చిన గడువు) తీరేదాకా అట్టనే ఉంటాయి. లైనక్స్ సర్వర్లో లీజు మామూలుగా 90 సెకన్లు. గేటు దగ్గర లారీ ఉంటే 90 సెకన్లు ఎంతో నీకే తెలుసు.

రాయికొలత
రాశానన్నా, కానీ ఏమీ మారలేదు. ఫైలు తెరిస్తే నా నంబరే కనపడుతోంది, గొడవ మాత్రం అట్టనే ఉంది.

మొలగొలుకులు
మౌంట్ అయ్యాక రాశావా? ముందే ఉన్న మౌంట్లకి అది అంటదు. ఆ నేమ్‌స్పేసులో ఆ సర్వర్‌ది ఒక్క మౌంట్ మిగిలినా పాత పేరే నడుస్తాది.

రాయికొలత
అయ్యో. స్లాబుల ఫోటోల ఫోల్డరు ఒకటి విడిగా మౌంట్ చేసి ఉంది, దాన్ని మర్చిపోయా. రాత్రి యార్డు మూశాక మొత్తం దింపి చేస్తా.

ల్యాబ్ మేడం, కావలి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా డిప్లొమా ల్యాబులో డిస్కు లేని మెషీన్లు 20, నెట్‌వర్కు నుంచే బూట్ అవుతాయి. అన్నిటికీ ఒకే ఇమేజి, డీహెచ్‌సీపీలో (మెషీన్లకి ఐపీలు పంచే సర్వీసు) పేర్లు ఇవ్వలేదు. పిల్లలు ప్రాక్టికల్స్‌కి కూర్చుంటే ఒక్కో మెషీన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఇదే జబ్బా?

మొలగొలుకులు
ఇదేనండి మేడం. మీకు నేమ్‌స్పేసుల గొడవ లేదు, ప్రతి మెషీన్‌కీ దాని కర్నెల్ దానిదే. కాబట్టి ఇందాక వద్దన్న పారామీటరే మీకు మందు. రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే మూల ఫోల్డరు) కూడా ఎన్ఎఫ్ఎసే కాబట్టి బూటింగ్ లైనులోనే ఎన్ఎఫ్ఎస్.ఎన్ఎఫ్ఎస్4_యూనిక్_ఐడీ= అని ఇవ్వాలి, లేచాక ఇస్తే ఆలస్యం అయిపోయినట్టే. పీఎక్స్ఈలైనక్స్ (నెట్‌వర్కు నుంచి బూట్ చేయించే ప్రోగ్రాం) అయితే మ్యాక్ అడ్రసు (నెట్‌వర్కు కార్డు నంబరు) పేరుతో ఒక్కో మెషీన్‌కి ఒక్కో కాన్ఫిగ్ ఫైలు పెట్టుకోవచ్చు. డీహెచ్‌సీపీలో తలా ఒక హోస్ట్‌నేమ్ ఇచ్చినా సరిపోద్ది, మీకు అదే సులువు.

కొత్తపట్నం గాలి
మా పిల్లాడు డాకర్లో (ప్రోగ్రాంలని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపేది) ఎన్ఎఫ్ఎస్ వాల్యూములు, అంటే డేటా ఫోల్డర్లు వాడతన్నాడు. పది కంటైనర్లు. వాడూ ఇదంతా చెయ్యాలా?

మొలగొలుకులు
అక్కర్లేదన్నా. వాల్యూము డ్రైవర్‌తో అయితే మౌంట్ చేసేది హోస్టే, కంటైనర్లు దాన్ని వాడుకుంటాయంతే. సర్వర్‌కి కనపడే క్లయింటు ఒకటే. కంటైనర్ లోపలికి పోయి మౌంట్ కొట్టేవాళ్లకే ఈ బాధ.

రాయికొలత
అయిందన్నా. రాత్రి పదిన్నరకి మూడూ దింపి, నంబర్లు రాసి, మళ్లీ లేపా. సర్వర్లో /ప్రోక్/ఎఫ్ఎస్/ఎన్ఎఫ్ఎస్‌డీ/క్లయింట్స్ కింద చూస్తే ఇప్పుడు మూడు ఫోల్డర్లు ఉండాయి. ఒక్కోదాంట్లో ఇన్ఫో ఫైలు తెరిస్తే పేరు దగ్గర యూయూఐడీ, స్లాష్, "యార్డు". పొద్దున్నుంచి మూడు యూనిట్లూ కలిసి నడుస్తున్నాయి, డీమెసేజ్‌లో ఒక్క లైను లేదు.

తప్పు స్టిక్కరు పడిన బండిల్ లారీ ఎక్కకముందే దొరికింది, మార్చేశా. ఓనరుకి ఇంకా చెప్పలేదు.

మొలగొలుకులు
చెప్పకపోయినా పర్లేదులే. రేపు రెండో పెట్టె కొంటే ఈ డిస్కునే కాపీ కొడతావు, నాకు తెలుసు. కొట్టగానే ఆ మూడు నంబర్ల ఫైళ్లూ చెరిపి కొత్తవి పుట్టించుకో.