రేసుల నుంచి వచ్చిన గుర్రం కాంటర్‌లో (దౌడులో) ఆగట్లేదు, ఏ బిట్ (నోట్లో పెట్టే కళ్ళెం) వాడాలి?

మొయినాబాద్ రైడర్:
అందరికీ నమస్కారం. మలక్‌పేటలో రేసులు ఆడి రిటైరైన 5 ఏళ్ళ థరోబ్రెడ్ (రేసు జాతి) గెల్డింగ్‌ను (విత్తు కొట్టిన మగగుర్రాన్ని) మూడు నెలల కిందట తీసుకున్నాను. నడకలో, ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) బంగారం. కాంటర్ మొదలైందంటే మాత్రం తల పైకెత్తి పరుగు అందుకుంటాడు, పగ్గాలు ఎంత గట్టిగా పట్టుకుంటే అంత లాగుతాడు, మొన్న ఫామ్ చివర కంచె దాకా వెళ్ళి గానీ ఆగలేదు, నా చేతులు బొబ్బలెక్కాయి. వాడుతున్నది మధ్యలో ఒకటే కీలున్న లూజ్ రింగ్ స్నాఫిల్ (రెండు పక్కలా తిరిగే రింగులున్న మామూలు బిట్), 5.5 అంగుళాలు, పాత యజమాని ఇచ్చిందే. మా సైసేమో (గుర్రాన్ని చూసుకునే మనిషి) కాంటే వాలా లగాం, అంటే ముళ్ళ బిట్, వేస్తే ఒక్కరోజులో దారికొస్తాడంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. పెల్హమ్ (గడ్డం కింద గొలుసుండే గట్టి బిట్) కొనాలా, హ్యాకమోర్ (నోట్లో ఏమీ లేకుండా ముక్కు మీద పనిచేసేది) మంచిదా?

గండిపేట గుర్రాలు:
అన్నా, ఆ ముళ్ళ లగాం ఇంటికి రానివ్వకండి. బండి లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో తెచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ముళ్ళున్న బిట్‌ను నిషేధించారు, స్వారీకి కూడా. బారాత్ గుర్రాలు కొన్నింటి నోళ్ళు తెరిచి చూశాను. నాలుక అంచులు కోసుకుపోయి, పెదవుల మూలలు చెప్పు తోలులా గట్టిపడి ఉన్నాయి. అలాంటి నోటికి ఇక ఏ బిట్ వేసినా ఏం తెలుస్తుంది?

మీవాడు మొండికేయట్లేదు, నేర్పింది చేస్తున్నాడు. రేసులో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటాడు, గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని పరిగెత్తుతుంది. మీరు ఆగమని లాగుతున్నారు, వాడికి పరిగెత్తమని వినిపిస్తోంది. పెల్హమ్ వేస్తే గడ్డం కింద గొలుసు, నడినెత్తి మీద పట్టీ కూడా బిగుస్తాయి, తల ఇంకా పైకి విసిరే ప్రమాదం ఉంది.

ముందు కొలత చూడండి. పురికొసకు ఒక ముడి వేసి పెదవి మూలకు ఆనించి, నోట్లోంచి అవతలి మూల దాకా తెచ్చి అక్కడ ఇంకో ముడి వేయండి. లూజ్ రింగ్ అయితే ఆ కొలతకు రెండు పక్కలా పావు అంగుళం చొప్పున కలిపితే చాలు. థరోబ్రెడ్‌కు ఎక్కువగా 5, 5.25 సరిపోతాయి. మీది పెద్దదై ఉంటే కీలు పక్కకు జారుతుంది, రెండు పగ్గాలూ లాగినప్పుడు అడకత్తెరలా నాలుకను నొక్కుతుంది. నేనైతే మధ్యలో చిన్న గింజలాంటి ముక్క ఉండే రెండు కీళ్ళ స్నాఫిల్ వేసి చూస్తాను. నోస్‌బ్యాండ్ (ముక్కు చుట్టూ ఉండే పట్టీ) కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్ళు హాయిగా దూరాలి.

తర్వాత ఒక నెల కాంటర్ మర్చిపోండి. 20 మీటర్ల సర్కిల్‌లో ట్రాట్ నుంచి నడక, నడక నుంచి ఆగడం. నడుము నిలబెట్టి ఊపిరి వదలండి, పగ్గం మీద పిడికిలి ఒక్కసారి బిగించి, వాడు కొంచెం తగ్గగానే ఆ క్షణంలోనే వదిలేయండి. వదలడంలోనే ఉంది పాఠమంతా. అది కుదిరాక కాంటర్ నాలుగైదు అంగలే, వాడు ఊపందుకోకముందే ట్రాట్‌కు తెచ్చేయండి.

శంషాబాద్ మార్వాడీ:
తమ్ముడూ, పళ్ళు చూపించావా? మా మార్వాడీ జాతి ఆడగుర్రం ఇలాగే తల ఎగరేసేది, ఎడమ పగ్గం పడితే చాలు. ఆరు నెలలు మూడు బిట్లు మార్చాను, డబ్బు దండగ. చివరికి డాక్టరు మత్తిచ్చి నోరు తెరిస్తే పై దవడలో మొదటి దవడపన్నుకు ముందు బియ్యపుగింజంత వుల్ఫ్ టూత్ అనే చిన్న అదనపు పన్ను, బిట్ తగిలే చోటే. పీకేశాక పదిహేను రోజులు బిట్ వేయలేదు. ఆ తర్వాత నా గుర్రమేనా అనిపించింది. అన్ని రోజులు దాన్ని కోప్పడ్డానని ఇప్పటికీ బాధే.

కొత్త సవారీ:
హ్యాకమోర్ గురించి ఒక్క మాట. నోట్లో ఇనుము లేదు కదా అని మెత్తనిది అనుకోవద్దు. పొడుగు కాడలున్న మెకానికల్ రకం ముక్కును, గడ్డాన్ని కలిపి బిగిస్తుంది. కిందికి జారితే ఎముక అయిపోయి మెత్తటి భాగం మీద పడి ఊపిరికి అడ్డం. ముక్కుపట్టీ పక్కలకు పగ్గాలు కట్టే సైడ్‌పుల్ నయం, అదీ కంచె ఉన్న చోటే మొదలుపెట్టండి. ఓట్స్ ఎంత పెడుతున్నారు? పని తగ్గినా రేసు రోజుల దాణా అలాగే ఉంటే ఒళ్ళు ఊరుకోదు.

మొయినాబాద్ రైడర్:
అన్నా, అక్కా, థాంక్స్. సాయంత్రం పురికొసతో కొలిచాను, రెండు ముడుల మధ్య 4.75 వచ్చింది. అంటే నా బిట్ పెద్దదే. కుడి పెదవి మూల లోపల ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది, వేలు పెడితే తల లాక్కున్నాడు, ఇన్నాళ్ళూ నేను చూడనేలేదు. అది మానేదాకా బిట్ తీసేశాను, హాల్టర్‌తో (బిట్ లేని తలకట్టుతో) నడిపిస్తున్నాను, ఓట్స్ సగం చేసి గడ్డి పెంచాను. సోమవారం రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో పళ్ళు చూపిస్తాను. సైసుకు కూడా ఆ పుండు చూపించాను, ముళ్ళ లగాం మాట మళ్ళీ ఎత్తలేదు. డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాస్తాను.